మాటతో పాటే అక్షరం: బధిరుల కోసం ప్రత్యక్ష క్యాప్షనింగ్

(స్మారకోపన్యాస పాఠం)

1. విషయ పరిధి

ఒకరు మాట్లాడుతుండగానే ఆ మాటలను అక్షరాలుగా మార్చి తెర మీద చూపే సేవను ప్రత్యక్ష క్యాప్షనింగ్ అంటారు. తరగతి గది, న్యాయస్థానం, ఆసుపత్రి, చట్టసభ, కార్యాలయ సమావేశం, టీవీ వార్తలు, ఫోను సంభాషణ: మాట మీద నడిచే ప్రతి చోటా దీని అవసరం ఉంది. సినిమాకో ధారావాహికకో తీరిగ్గా రాసి జోడించే సబ్‌టైటిల్‌కూ దీనికీ ఉన్న తేడా అంతా వ్యవధిలోనే ఉంది. సబ్‌టైటిల్ రాసేవారు దృశ్యాన్ని వెనక్కి తిప్పి చూసుకోవచ్చు, తప్పులు దిద్దుకోవచ్చు. ప్రత్యక్ష క్యాప్షన్ రాసేవారికి ఆ వెసులుబాటు లేదు. మాట వినిపించిన కొద్ది సెకన్లలోనే అక్షరం తెర మీదికి రావాలి.

సభ ముగిశాక నివేదిక చదివితే ఏం జరిగిందో తెలుస్తుంది. జరుగుతున్నప్పుడు అందులో పాలుపంచుకోవడం మాత్రం దానివల్ల కుదరదు. ప్రశ్న అడగాలన్నా, అభ్యంతరం చెప్పాలన్నా, నలుగురితో కలిసి నవ్వాలన్నా మాట అప్పటికప్పుడే అందాలి. అందువల్ల ప్రత్యక్ష క్యాప్షనింగ్‌ను రాతపనిగా చూస్తే సరిపోదు. చర్చ నడుస్తుండగానే బధిరులు తమ వంతు మాట చెప్పగలిగేలా చేయడమే దాని లక్ష్యం. ఆ సేవ ఎవరికి అవసరం, ఎలా పుట్టింది, ఎలా నడుస్తుంది, దాని నాణ్యతను ఎలా కొలుస్తారు, చట్టం ఏమంటుంది, తెలుగులో అది నిలబడాలంటే ఏం కావాలి అన్నవి ఈ ఉపన్యాసంలో వరుసగా పరిశీలించే అంశాలు.

2. ఎవరి కోసం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన వినికిడి నివేదిక ప్రకారం ప్రపంచంలో 150 కోట్ల మందికి పైగా ఏదో ఒక స్థాయిలో వినికిడి తగ్గింది. వారిలో 43 కోట్ల మందికి పునరావాస సేవలు అవసరం. 2050 నాటికి ఈ సంఖ్యలు 250 కోట్లకు, 70 కోట్లకు చేరవచ్చని ఆ నివేదిక అంచనా వేసింది. భారతదేశంలో 2011 జనగణన లెక్కించిన 2.68 కోట్ల వికలాంగుల్లో దాదాపు 50.7 లక్షల మంది వినికిడి లోపం ఉన్నవారు. వయసు మీద పడి చెవి మందగించినవారిలో చాలామంది తమను వికలాంగులుగా భావించుకోరు. అందువల్ల క్యాప్షన్ల వల్ల మేలు పొందేవారు ఈ లెక్కకు మించే ఉంటారు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, మాటలకు సంబంధించిన పౌనఃపున్యాల్లో రెండు చెవులకూ 70 డెసిబెల్స్ లోపం ఉన్నవారిని బధిరులుగా, 60 నుంచి 70 డెసిబెల్స్ లోపం ఉన్నవారిని వినికిడి మందగించినవారిగా నిర్వచించింది. ఈ కొలత చెవికి సంబంధించినది. క్యాప్షన్ అవసరం మాత్రం మనిషి ఏ భాషలో, ఏ వయసులో, ఏ పరిస్థితిలో ఉన్నారన్న దాన్ని బట్టి మారుతుంది. పుట్టు బధిరుల్లో చాలామందికి సైగల భాషే సొంత భాష. నడి వయసులో జబ్బు వల్లో, ప్రమాదం వల్లో వినికిడి పోయినవారికి మాట, చదువు అన్నీ మామూలు భాషలోనే ఉంటాయి. సైగల భాష కొత్త. వినికిడి యంత్రమో కాక్లియర్ ఇంప్లాంటో వాడేవారు నిశ్శబ్దమైన గదిలో ఎదుటి మనిషి మాటను పట్టుకోగలుగుతారు. అదే మాట ప్రతిధ్వనించే హాల్లో, దూరంగా ఉన్న వేదిక మీంచి, ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడుతుండగా వస్తే యంత్రం అన్ని ధ్వనులనూ కలిపి పెద్దవి చేస్తుంది, మాట ఒక్కటే విడిగా తేలదు.

పెదవుల కదలికను బట్టి మాటను గ్రహించే నేర్పు చాలామంది బధిరులకు ఉంటుంది. దానికి హద్దు ఉంది. ప, బ, మ ధ్వనులకు పెదవులు ఒకే తీరుగా మూసుకుంటాయి. పాట, బాట, మాట అనే మూడూ చూపుకు ఒకటే. క, గ వంటి ధ్వనులు నోటి వెనక భాగంలో పుడతాయి కాబట్టి బయటికి దాదాపు కనిపించవు. పెదవులు చూసి గ్రహించేవారు మిగిలిన ఖాళీలను సందర్భాన్ని బట్టి ఊహతో పూరించుకోవాలి. గంటల తరబడి ఆ పని చేయడం తీవ్రమైన అలసట. 2020లో కొవిడ్ మాస్కులు ముఖాలను కప్పేసినప్పుడు ఆ కొద్దిపాటి ఆధారమూ పోయింది.

క్యాప్షన్ సైగల భాషకు ప్రత్యామ్నాయం కాదు. సైగల భాషకు తనదైన వ్యాకరణం ఉంది. అందులో పెరిగిన మనిషికి తెలుగు గానీ ఇంగ్లీషు గానీ రెండో భాషే. క్యాప్షన్ చదవాలంటే అక్షర జ్ఞానం, వేగంగా చదివే అలవాటు ఉండాలి. బధిర పిల్లలకు చిన్ననాడే భాష అందని చోట ఆ అలవాటు బలపడదు. కాబట్టి మంచి సభా నిర్వహణలో అనువాదకులూ ఉంటారు, క్యాప్షన్లూ ఉంటాయి. ఏది వాడుకోవాలో నిర్ణయించుకునేది బధిరులే.

3. సినిమా తెర నుంచి టీవీ దాకా

మూకీ సినిమాల కాలంలో బధిర ప్రేక్షకులకూ తక్కినవారికీ తేడా ఉండేది కాదు. దృశ్యాల నడుమ వచ్చే అక్షర ఫలకాలను అందరూ చదివేవారు. 1927లో అమెరికాలో ‘ది జాజ్ సింగర్’ విడుదలయ్యాక పరిస్థితి మారిపోయింది. టాకీలు వచ్చిన కొద్ది కాలానికే అక్షర ఫలకాలు మాయమై, బధిరులకు సినిమా దూరమైంది. హెచ్.ఎం. రెడ్డి ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు తెర కూడా అదే దారి పట్టింది. కోట్ల మందికి ఆనందం తెచ్చిన ఆవిష్కరణ కొందరికి అప్పటిదాకా ఉన్నదాన్ని తీసేసుకుంది.

క్యూబాలో పుట్టి అమెరికాలో మూకీ సినిమాల్లో నటించిన ఎమర్సన్ రొమెరో స్వయంగా బధిరుడు. ఆయన 1947లో టాకీ రీళ్ల మధ్య అక్షర ఫలకాలను అతికించి బధిరుల సంఘాలకు పంపడం మొదలుపెట్టారు. 1958లో అమెరికా ప్రభుత్వం ఒక చట్టం చేసి బధిరుల కోసం క్యాప్షన్లున్న సినిమాలకు నిధులిచ్చింది. టీవీలో తొలి అడుగు 1972లో పడింది: బోస్టన్‌లోని డబ్ల్యూజీబీహెచ్ కేంద్రం జూలియా చైల్డ్ వంటల కార్యక్రమాన్ని అక్షరాలతో ప్రసారం చేసింది. మరుసటి ఏడాది నుంచి ఏబీసీ సాయంకాలపు వార్తలకు అక్షరాలు జోడించి రాత్రి పొద్దుపోయాక మళ్లీ ప్రసారం చేసేవారు. తక్కిన దేశమంతా విన్న వార్త బధిరుల ఇళ్లకు సుమారు ఐదు గంటల తరవాత చేరేది. అప్పటికి అదే గొప్ప మేలు. ఆలస్యంగా అందే సమాచారానికి ఉన్న పరిమితి కూడా అక్కడే స్పష్టమైంది.

అందరి తెర మీదా అక్షరాలు కనిపించకుండా, కావలసినవారికే కనిపించే పద్ధతి కోసం 1976లో అమెరికా సమాచార సంఘం టీవీ సంకేతంలోని 21వ గీతను క్యాప్షన్లకు కేటాయించింది. 1980 మార్చి 16న ఆ పద్ధతిలో కార్యక్రమాలు మొదలయ్యాయి. మొదట్లో ప్రేక్షకులు విడిగా డీకోడర్ పెట్టె కొనుక్కోవలసి వచ్చేది. 1990లో వచ్చిన చట్టం ప్రకారం 1993 జూలై నుంచి అమెరికాలో అమ్మే 13 అంగుళాలు, అంతకు మించిన ప్రతి టీవీలోనూ డీకోడర్ చిప్ తప్పనిసరి అయింది. ఈ నిర్ణయం క్యాప్షన్ల చరిత్రలో పెద్ద మలుపు. అప్పటిదాకా బధిరులు డబ్బు పెట్టి తెచ్చుకున్న సౌకర్యం ఆనాటి నుంచి ప్రతి ఇంటి టీవీలో భాగమైంది.

4. ప్రత్యక్ష క్యాప్షన్ పుట్టుక

ఇంగ్లండులోని స్టోక్-ఆన్-ట్రెంట్ సౌత్ నియోజకవర్గం నుంచి 1966లో పార్లమెంటుకు ఎన్నికైన జాక్ ఆష్లే 1967 చివర చెవి శస్త్రచికిత్స తరవాత పూర్తిగా వినికిడి కోల్పోయారు. చర్చలే వృత్తిగా ఉన్న సభలో మాట వినపడకపోతే సభ్యత్వానికి అర్థం ఏమిటన్న ప్రశ్న ఆయన ముందు నిలిచింది. పెదవుల కదలిక నేర్చుకుని సభలో కొనసాగారు. సభలో మాట్లాడేవారు అటూ ఇటూ తిరుగుతారు, వెనక వరసల నుంచి లేస్తారు, మధ్యలో అడ్డు తగులుతారు; అన్నీ పెదవుల మీద పట్టుకోవడం సాధ్యం కాదు. 1970లలో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో అలాన్ న్యూవెల్ బృందం పాలన్‌టైప్ అనే ధ్వని లేఖన యంత్రాన్ని కంప్యూటర్‌కు జోడించి, సభలో మాటలు ఆయన ముందున్న చిన్న తెర మీద కనిపించేలా చేసింది. తొలినాళ్లలో ఆ తెర మీద వచ్చేది ధ్వనిని బట్టి రాసిన వంకర టింకర అక్షరక్రమం. అయినా సభ్యుడు చర్చ మధ్యలో లేచి జవాబు చెప్పడానికి అది సరిపోయింది. ఆష్లే 1992 దాకా ఆ సభలో ఉండి, తరవాత ప్రభువుల సభకు వెళ్లి, 2012లో మరణించే వరకు వికలాంగుల హక్కుల కోసం పనిచేశారు. ప్రత్యక్ష క్యాప్షనింగ్ చేయగల పనికి ఆయన ప్రజా జీవితం మంచి సాక్ష్యం.

అమెరికాలో న్యాయస్థానాల స్టెనోగ్రాఫర్లు ఈ పనికి పునాది వేశారు. వారి యంత్రం రాసిన సంకేతాలను కంప్యూటర్ అక్కడికక్కడే మామూలు ఇంగ్లీషులోకి మార్చగలిగిన నాడు కోర్టు నైపుణ్యం టీవీకి పనికొచ్చింది. 1982లో ఆస్కార్ ప్రదానోత్సవానికి ప్రత్యక్ష క్యాప్షన్లు వచ్చాయి. అదే ఏడాది ఏబీసీ సాయంకాలపు వార్తలకూ వచ్చాయి. ఐదు గంటల దూరం కొన్ని సెకన్లకు తగ్గింది.

5. పని జరిగే తీరు

ప్రత్యక్ష క్యాప్షన్ తయారీకి నాలుగు పద్ధతులు వాడుకలో ఉన్నాయి.

మొదటిది స్టెనోటైప్. మామూలు కీబోర్డు మీద ఒక్కో అక్షరాన్ని విడివిడిగా కొట్టాలి. స్టెనో యంత్రానికి 22 మీటలే ఉంటాయి. హార్మోనియం మీద స్వరాలన్నీ కలిపి ఒక్కసారిగా పలికించినట్టు, ఒక అక్షర సముదాయానికి కావలసిన మీటలన్నీ కలిపి ఒక్క దెబ్బలో నొక్కుతారు. ఎడమ చేతి వేళ్లు మొదటి హల్లును, బొటనవేళ్లు అచ్చును, కుడి చేతి వేళ్లు చివరి హల్లును పలుకుతాయి. ‘క్యాట్’ అనే ఇంగ్లీషు మాటకు ఒక్క దెబ్బ చాలు. ఆ సంకేతాన్ని కంప్యూటర్ నిఘంటువులో వెతికి మామూలు అక్షరక్రమంలో తెర మీద పెడుతుంది. అమెరికాలో కోర్టు రిపోర్టర్ల వృత్తి పరీక్షలో సాక్ష్యం విభాగానికి నిమిషానికి 225 మాటల వేగం కావాలి. కొన్నేళ్ల సాధన ఉంటేనే ఆ వేగం అందుతుంది. యంత్రం కన్నా విలువైనది రాసేవారి సొంత నిఘంటువు. రేపటి సభలో వచ్చే పేర్లు, మందుల పేర్లు, చట్టాల సెక్షన్లు, ఊళ్ల పేర్లు ముందు రోజే అందులోకి ఎక్కించుకోవాలి. ఒక్కరి కోసమో, ఒక చిన్న బృందం కోసమో ఇలా అందించే సేవను కార్ట్ అంటారు.

రెండోది రీస్పీకింగ్. శిక్షణ పొందిన వ్యక్తి చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని ప్రసంగాన్ని వింటూ, తన గొంతుకు అలవాటు పడిన సాఫ్ట్‌వేర్‌కు అదే మాటను స్పష్టంగా, విరామ చిహ్నాలతో సహా తిరిగి చెబుతారు. బీబీసీ 2001లో ప్రపంచ స్నూకర్ పోటీలతో ఈ పద్ధతి మొదలుపెట్టింది. వినడం, మాట్లాడడం, తెర మీది తప్పులు దిద్దడం ఒకేసారి జరగాలి కాబట్టి ఒకరే ఎక్కువసేపు చేయలేరు. ఇద్దరు వంతులు మార్చుకుంటారు.

మూడోది సంక్షిప్త టైపింగ్. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో ఉన్న జాతీయ బధిర సాంకేతిక సంస్థలో తరగతి గదుల కోసం రూపొందిన సీ-ప్రింట్ ఈ కోవకు చెందినది. మామూలు కీబోర్డు మీద పొట్టి రూపాలు కొడితే కంప్యూటర్ వాటిని పూర్తి మాటలుగా విప్పుతుంది. ప్రతి మాటనూ రాయలేరు. అర్థం పోకుండా కుదించి రాస్తారు.

నాలుగోది యాంత్రిక మాట గుర్తింపు. 2009లో యూట్యూబ్‌లో స్వయంచాలక క్యాప్షన్లు రావడం వెనక బధిర ఇంజనీరు కెన్ హారెన్‌స్టీన్ కృషి ఉంది. 2019లో గూగుల్ విడుదల చేసిన లైవ్ ట్రాన్‌స్క్రైబ్ యాప్ మామూలు ఫోనునే క్యాప్షన్ తెరగా మార్చింది. చిన్ననాటి నుంచి వినికిడి లేని పరిశోధకుడు దిమిత్రి కనెవ్‌స్కీ దాని రూపశిల్పుల్లో ఒకరు. వాషింగ్టన్‌లోని గాలడెట్ విశ్వవిద్యాలయం ఆ పనిలో తోడ్పడింది. ఈ పనిముట్లను బధిరులే ముందుండి తయారు చేశారన్నది మరవకూడని సంగతి.

ఏ పద్ధతైనా ధ్వని మీదే ఆధారపడుతుంది. మైకు మాట్లాడేవారి నోటికి దగ్గరగా ఉండాలి. ప్రేక్షకుల నుంచి ప్రశ్న వస్తే మైకు వారి చేతికి చేరాకే మాట మొదలుకావాలి. ఒకరి తరవాత ఒకరు మాట్లాడాలి. ఎవరు మాట్లాడుతున్నారో తెలిసేలా పేరు గానీ గుర్తు గానీ రావాలి. చప్పట్లు, నవ్వు, బయట మోగిన సైరన్ వంటి ధ్వనులను కుండలీకరణాల్లో చూపాలి. క్యాప్షన్ రాసేవారు మరో ఊళ్లో కూర్చుని ఇంటర్నెట్ ద్వారా పనిచేసే వీలు ఇప్పుడు ఉంది. అలాంటప్పుడు సభలోని ధ్వని వారికి తెగకుండా చేరడం అన్నిటికన్నా ముఖ్యం.

6. నాణ్యతకు కొలతలు

యాంత్రిక గుర్తింపును సాధారణంగా తప్పు మాటల శాతంతో కొలుస్తారు: మారిన మాటలు, జారిన మాటలు, కొత్తగా చేరిన మాటలు కలిపి మొత్తం మాటలతో భాగిస్తారు. ఈ లెక్కకు అన్ని తప్పులూ సమానమే. చదివేవారికి అవి సమానం కావు. ‘మరి’ అన్న మాట జారితే నష్టం లేదు. ‘వద్దు’ అన్న మాట జారితే అర్థం తలకిందులవుతుంది.

ఈ లోపాన్ని గుర్తించి పాబ్లో రొమెరో-ఫ్రెస్కో, హువాన్ మార్టినెస్ ఎన్ఈఆర్ అనే కొలమానాన్ని రూపొందించారు. మొత్తం మాటల్లోంచి కూర్పులో దొర్లిన తప్పులను, గుర్తింపులో దొర్లిన తప్పులను తీసివేసి శాతం కడతారు. తప్పుల తీవ్రతను బట్టి పావు, అర, ఒకటి చొప్పున బరువు ఉంటుంది. చదివేవారు తప్పని పసిగట్టలేని విధంగా వేరే అర్థమిచ్చే తప్పుకు పూర్తి బరువు పడుతుంది. ఈ పద్ధతిలో 98 శాతం వస్తేనే క్యాప్షన్ ఆమోదయోగ్యం. బ్రిటన్‌లో ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2013 నుంచి రెండేళ్ల పాటు ప్రత్యక్ష సబ్‌టైటిళ్ల నాణ్యతను పరీక్షించినప్పుడు దీన్నే వాడింది.

ఖచ్చితత్వంతో పాటు ఆలస్యాన్నీ, పొందికనూ చూడాలి. చర్చ మరో అంశానికి వెళ్లాక తెర మీదికి వచ్చిన వాక్యం ఎంత నిర్దుష్టంగా ఉన్నా బధిరులకు మాట్లాడే అవకాశం అప్పటికే దాటిపోతుంది. తెర మీద మాటలు పదేపదే మారుతుంటే చదివే కన్ను అలసిపోతుంది.

యంత్రాల తీరులో మరో ప్రమాదం ఉంది. 2022లో వచ్చిన విస్పర్ అనే మాట గుర్తింపు వ్యవస్థను పరీక్షించి 2024లో వెలువరించిన ఒక అధ్యయనంలో, సుమారు ఒక శాతం ధ్వని ముక్కలకు ఎవరూ అనని వాక్యాలను యంత్రం కల్పించి రాసినట్టు తేలింది. ఆ కల్పిత వాక్యాలు వ్యాకరణం చెడకుండా, నమ్మేలా ఉంటాయి. వినగలిగినవారు చెవితో సరిచూసుకుంటారు. బధిరులకు తెర ఒక్కటే ఆధారం. అందువల్ల వైద్యం, న్యాయం, పరీక్షలు వంటి చోట్ల యంత్రం రాసినదాన్ని పర్యవేక్షించే మనిషి తప్పనిసరిగా ఉండాలి.

7. చట్టం, ప్రసారాలు, న్యాయస్థానాలు

2006లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికను భారతదేశం 2007లో ధ్రువీకరించింది. దానికి అనుగుణంగా వచ్చిన 2016 చట్టం సమాచార మార్పిడికి ఇచ్చిన నిర్వచనంలో సైగల భాషతో పాటు అక్షర ప్రదర్శన కూడా ఉంది. 42వ సెక్షన్ ఎలక్ట్రానిక్ మాధ్యమాలు దృశ్య వివరణ, సైగల భాష అనువాదం, క్యాప్షన్ల ద్వారా అందరికీ అందేలా చూడాలని ప్రభుత్వాన్ని ఆదేశించింది.

2019 సెప్టెంబరులో సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ టీవీ కార్యక్రమాలకు ప్రమాణాలు ప్రకటించింది. క్యాప్షన్లు గానీ, సబ్‌టైటిళ్లు గానీ, సైగల భాష గానీ ఉన్న కార్యక్రమాల వాటాను ఏటా పెంచుకుంటూ పోవాలన్నది వాటి ఉద్దేశం. అయితే ప్రత్యక్ష వార్తలకు, క్రీడలకు, ప్రత్యక్ష ప్రసారమయ్యే ఉత్సవాలకు మినహాయింపు ఇచ్చారు. తుపాను హెచ్చరిక, ఎన్నికల ఫలితం, శాసనసభలో వాగ్వాదం వంటివన్నీ ప్రత్యక్షంగానే వస్తాయి. సమాచారం అత్యవసరమైన చోటే బాధ్యత సడలిందన్నమాట. 2024 మార్చిలో థియేటర్లలో ప్రదర్శించే సినిమాలకూ క్యాప్షన్ల మార్గదర్శకాలు వచ్చాయి. అవి ముందే తయారైన చిత్రాలకు సంబంధించినవి.

న్యాయస్థానాల్లో రెండు పరిణామాలు గమనించదగ్గవి. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం విచారణలో తొలిసారి వాదనలు యంత్రం సాయంతో అప్పటికప్పుడు అక్షరాలుగా తెర మీద కనిపించాయి. అదే ఏడాది సెప్టెంబరులో బధిర న్యాయవాది సారా సన్నీ సైగల భాష అనువాదకుడి సాయంతో ఆ కోర్టు విచారణకు హాజరయ్యారు. మొదటి ఏర్పాటు రికార్డు కోసం జరిగింది, రెండోది ఒక మనిషి భాగస్వామ్యం కోసం. బధిర న్యాయవాది, బధిర సాక్షి, బధిర కక్షిదారు ముందున్న తెర మీదికి ఆ అక్షరాలు చేరినప్పుడు ఈ రెండు దారులూ కలుస్తాయి.

2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, అందుబాటు ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదని, తప్పనిసరి నియమాలు చేయాలని తీర్పు చెప్పింది. దేశంలో పరిస్థితిని అధ్యయనం చేసి ఆ కేసులో నివేదిక ఇచ్చినది హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానికి చెందిన వికలాంగ అధ్యయన కేంద్రం. ప్రత్యక్ష క్యాప్షనింగ్‌కు కనీస ప్రమాణాలు నియమాల్లోకి ఎక్కడానికి ఈ తీర్పు ఊతమిస్తుంది.

8. తెలుగులో ప్రత్యేక సమస్యలు

ఇంగ్లీషు కోసం తయారైన పద్ధతులను తెలుగుకు యథాతథంగా తెచ్చుకోవడం కుదరదు. స్టెనో మీటల అమరిక హల్లుతో ముగిసే పొట్టి ఇంగ్లీషు మాటలకు తగినది. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, ప్రత్యయాలు చేరి పొడుగవుతాయి. ‘వెళ్లిపోయారంటున్నారు’ అన్నది రాతలో ఒక్క మాట. ఇంగ్లీషులో అది నాలుగైదు మాటల వాక్యం. అందుచేత నిమిషానికి ఇన్ని మాటలు అన్న కొలత తెలుగుకు నప్పదు. అక్షరాల లెక్కన వేగాన్ని కొలవాలి.

తప్పుల లెక్కలోనూ జాగ్రత్త కావాలి. ‘వెళ్లాడు’, ‘వెళ్ళాడు’ రెండూ సరైనవే. యంత్రం వాటిని వేరు మాటలుగా లెక్కపెట్టి తప్పు వేస్తుంది. మరోవైపు ‘ఈ మాత్ర పరగడుపున వేసుకోండి’, ‘వేసుకోకండి’ అన్న మాటల మధ్య తేడా ఒక్క అక్షరమే. తెలుగు వాక్యంలో అవును, కాదు అన్నవి క్రియ చివర తేలతాయి. వాక్యం చివర పొరపాటు దొర్లితే ‘రుజువైంది’, ‘రుజువు కాలేదు’ అన్నవి తారుమారవుతాయి. తెలుగు కోసం చేసే కొలమానంలో క్రియాంతపు తప్పుకు అన్నిటికన్నా ఎక్కువ బరువు ఉండాలి. క్యాప్షన్ రాసేవారి శిక్షణలో వాక్యాంతాన్ని వదలకపోవడం మొదటి పాఠం కావాలి.

మాండలికాలది మరో సమస్య. వక్త ‘చెప్పిండు’ అంటే క్యాప్షన్ ‘చెప్పాడు’ అని దిద్దకూడదు. వినేవారికి ఆ మాట తీరు ఎలా అందిందో, చదివేవారికీ అలాగే అందాలి. నువ్వు, మీరు అన్న తేడా కూడా అంతే ముఖ్యం; కోర్టులోనో కార్యాలయంలోనో ఎవరు ఎవరిని ఎలా పిలిచారన్నది అర్థంలో భాగం. యాంత్రిక గుర్తింపు ఎక్కువగా వార్తల భాష మీద తర్ఫీదు పొందితే శ్రీకాకుళం, పాలమూరు, అనంతపురం పలుకుబళ్ల దగ్గర తడబడుతుంది. నిత్యం మాట్లాడే తెలుగులో ఇంగ్లీషు మాటలు కలిసిపోయి ఉంటాయి. వాటిని తెలుగు లిపిలో, అందరూ చదివే రూపంలో రాసే ఒరవడి స్థిరపడాలి.

తెర మీద చూపే తీరు కూడా వేరు. అమెరికా 21వ గీత పద్ధతిలో వరసకు 32 రోమన్ అక్షరాలకే చోటు. తెలుగు అక్షరానికి కింద ఒత్తులు, పైన గుణింతాలు ఉంటాయి కాబట్టి వరసల మధ్య ఎక్కువ ఎడం ఉండాలి. పొడుగు మాటలు వరస చివర విరగకుండా చూడాలి. తెలుగు డీటీపీలో ఏళ్ల తరబడి వాడిన అను ఫాంట్ల పాఠం యూనికోడ్ కాదు. దాన్ని నేరుగా క్యాప్షన్ వ్యవస్థలోకి పంపలేరు. ప్రత్యక్ష క్యాప్షన్ చేయదలచిన టైపిస్టు యూనికోడ్ కీబోర్డుకు మారక తప్పదు.

9. ఉన్న వనరులు, కావలసిన ఏర్పాట్లు

తెలుగు చేతిలో వనరులు లేకపోలేదు. గూగుల్ 2017లో తెలుగు మాట గుర్తింపును తెచ్చింది. కేంద్ర ప్రభుత్వ భాషిణి కార్యక్రమం 2022లో మొదలై భారతీయ భాషల మాట సాంకేతికతకు ఆధారంగా నిలిచింది. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీలో తెలుగు మాటల నమూనాలను ప్రజల నుంచి సేకరించే కృషి జరిగింది. ముంబయిలో 1983లో ఏర్పడిన జాతీయ వినికిడి సంస్థ హైదరాబాదులో పుట్టిన అలీ యావర్ జంగ్ పేరు మీద నడుస్తోంది. దాని దక్షిణ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదులో ఉంది. రెండు రాష్ట్రాల సాంకేతిక విద్యా మండళ్లు తెలుగు షార్ట్‌హ్యాండ్, టైపు పరీక్షలు నిర్వహిస్తున్నాయి. శాసనసభల్లో మాటకు మాట రాసే రిపోర్టర్లు ఉన్నారు. పరిశోధన, వైద్యం, లేఖన నైపుణ్యం ఉన్న ఈ మూడు వర్గాలను ఒక్కచోటికి తేవడమే మిగిలిన పని.

మొదటి ఏర్పాటు వృత్తి శిక్షణ. యాంత్రిక గుర్తింపు రాసిన పాఠాన్ని పరుగున దిద్దేవారు, రీస్పీకింగ్ చేసేవారు తెలుగుకు త్వరగా అందిరాగల సిబ్బంది. షార్ట్‌హ్యాండ్ నేర్చినవారికి విని గుర్తుంచుకునే నేర్పు, టైపిస్టులకు చేతి వేగం ముందే ఉంటాయి. వారికి ఈ కొత్త వృత్తి నేర్పి, ధ్రువపత్రం ఇచ్చి, గంటకు తగిన వేతనం నిర్ణయించాలి. విన్న సంగతులు బయట పెట్టకూడదన్న నియమం ఈ వృత్తికి ప్రాణం. రోగి, వైద్యుల సంభాషణ, కక్షిదారు తన లాయరుతో చెప్పిన మాట తెర దాటి పోకూడదు. మాటలను దూరపు సర్వర్లకు పంపే యాప్‌లు వాడేటప్పుడూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

రెండో ఏర్పాటు ప్రాధాన్యాల వరస. ఆసుపత్రి, న్యాయస్థానం, పోలీసు స్టేషను, కళాశాల తరగతి, విపత్తు హెచ్చరిక ముందు రావాలి. వినోద కార్యక్రమాలు తరవాత. విదేశాల్లో ఉన్న తెలుగు వృద్ధుల పరిస్థితీ లెక్కలోకి రావాలి. అమెరికాలో ఫోను మాటలను అక్షరాలుగా చూపే సేవ ప్రభుత్వ నియంత్రణలోని నిధితో నడుస్తోంది. అది ప్రధానంగా ఇంగ్లీషు, స్పానిష్ సంభాషణలకు. అక్కడ ఉన్న తల్లి ఊళ్లో ఉన్న చెల్లెలితో తెలుగులో మాట్లాడాలంటే తెలుగు గుర్తింపు మెరుగుపడాలి.

మూడో ఏర్పాటు ప్రమాణం. తెలుగు క్యాప్షన్‌లో ఎంత ఆలస్యం ఒప్పుకోవచ్చు, ఏ తప్పుకు ఎంత బరువు, వరసకు ఎన్ని అక్షరాలు, మాండలికాన్ని ఎలా రాయాలి అన్నవి బధిరుల సంఘాలతో కూర్చుని నిర్ణయించాలి. తెర మీది మాటలు అర్థమవుతున్నాయో లేదో చెప్పగలిగేది వాటి మీద ఆధారపడినవారే.

చివరిది ఖర్చు. సభకు కుర్చీలు, మైకులు, దీపాలు ఏర్పాటు చేసేవారే క్యాప్షన్ల ఖర్చూ భరించాలి. ఆహ్వాన పత్రంలోనే క్యాప్షన్ల ఏర్పాటు ఉందని ప్రకటించాలి. వచ్చిన బధిరులను ముందుగా తెలియజేయలేదేమని అడగడం, వెంట అనువాదకుడిని తెచ్చుకోమనడం, ఇంటివాళ్ల చేత చెప్పించుకోమనడం హక్కును దయగా మార్చేస్తాయి. టీవీలో డీకోడర్ చిప్ తప్పనిసరి అయిన నాడు అమెరికాలో ఖర్చు బధిరుల నుంచి సమాజానికి మారింది. తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రతి ప్రభుత్వ సభ, ప్రతి విశ్వవిద్యాలయం, ప్రతి ప్రత్యక్ష వార్తా ప్రసారం తన ఖర్చులో ఈ పద్దును ముందే చేర్చుకుంటేనే ప్రత్యక్ష క్యాప్షనింగ్ అడిగి తెచ్చుకునే సాయం నుంచి మామూలు పౌర సేవగా మారుతుంది.